ఇసుకలో గ్రుడ్లు పెట్టు చేప



నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చేపలనుగూర్చి మాటాడుటకు నీకేమి యధికారమని మీరడుగవచ్చును, అడుగుట న్యాయమే. నేను శాకాహారిని. ప్రాణముతోనున్న చేపను చేత పట్టుకొనుట నాకు అఱువదినాలుగవ యేట మొదటిమాఱు సంభవించినది. ఆ పట్టుకొనుటయు తప్పని ఒక యువతి నాకు బుద్ధి చెప్పినది. ఆ ముచ్చట తరువాత చెప్పెదను. అయినను నేను చెప్పబోవు చేప తిథుల ననుసరించి నడచునది. పక్షమున కొకమాఱు సముద్రమును విడిచి నేలమీదికి వచ్చి, ఇసుకలో గ్రుడ్లు పెట్టి, మరల నీటిలోనికి పోవునది. పంచాంగము చూచుట మావంటివారికి తాతలనాటి విద్య. ఆ దారిని నేను దీనికడకు చేరితిని. చేరి కొంత పరాభవమునుగూడ పొందితిని.

ఆ చేపను గ్రూనియన్ అందురు. అది మన సముద్రమున లేదు. అమెరికా దేశమునకు పడమటనున్న పసిఫిక్ మహాసముద్రమున, కాలిఫోర్నియా దక్షిణతీరమునను, దానికి దిగువ మెక్సికో దేశమునకు చెందిన బాహా తీరమునను ఒడ్డునంటియే బ్రదుకును. అయిదాఱంగుళముల పొడవు, సన్నని మేను, పచ్చని వీపు, ప్రక్కలయందు వెండిచాఱ. ఇంతే దాని రూపము. స్పెయిను దేశపు భాషలో ఆ పేరునకు సణుగునదని యర్థము. గ్రుడ్లు పెట్టు వేళ సన్నని కూత పెట్టుననియు, అందుచే నా పేరు వచ్చెననియు చెప్పుదురు. సంతలో బుట్టెడు చేపలనడుమ దీనిని పోసినచో ఎవరును వేఱుగా గుర్తింపరు. దాని గొప్ప రూపమున లేదు, నడవడియం దున్నది.

చేపలు నీటిలోనే గ్రుడ్లు పెట్టుట మన మెఱిగినదే. తొలకరికి క్రొత్తనీరు వచ్చినపుడు మన వాగులలో చేపలు ఏటికెదురెక్కి పోవుటను మీలో చూడనివారుండరు. ఎంత యెదురెక్కినను అవి నీటిని విడువవు. నీటిలో పెట్టిన గ్రుడ్లను తిను నోళ్ళు నీటిలోనే వేలకొలది యుండును గనుక లక్షలు పెట్టి పదులు దక్కించుకొనుట వాటి పద్ధతి. గ్రూనియన్ వేఱొక యుపాయము పన్నినది. నీటిలోని నోళ్ళకందని చోట, కెరటము వచ్చి పోవు ఒడ్డునకు పైయంచున, తడి యిసుకలో తన సంతతిని దాచును. అచట గ్రుడ్డునకు చల్లదనమును కలదు, ఇసుకరేణువుల సందులనుండి గాలియు నందును. కాని తల్లి ప్రాణమునకు తెగించి నీటిని విడువవలెను. ఏ రాత్రి విడువవలెనో, ఏ గడియలో విడువవలెనో తప్పక తెలిసియుండవలెను.

మా అమ్మాయియు అల్లుడును లాస్ ఏంజెలెస్ నగరప్రాంతమున ఉద్యోగములు చేసికొనుచు కాపురమున్నారు. 2023వ సంవత్సరమున, అనగా మన శోభకృత్తున, వారియింట నాలుగు మాసములుంటిని. పదియేండ్ల మనుమడు ఒకనాడు బడినుండి వచ్చి, "తాతయ్యా! పున్నమికి ఇక్కడ చేపలు సముద్రములోనుండి నడచి వచ్చునట. పోయి చూతమా?" అని యడిగెను.

నేను నమ్మలేదు. పున్నమికిని అమావాస్యకును పోటు హెచ్చుట చిన్ననాటినుండి యెఱిగినదే. ఆ పోటులో నాలుగు చేపలు ఒడ్డునబడి గిలగిల కొట్టుకొనుట ఎక్కడనైనను జరుగును. అది చూచి యెవరో కథ కట్టియుందురనుకొంటిని. అయినను పిల్లవాని ముచ్చట తీర్చుటకు పెట్టెలోని పంచాంగము తీసితిని. వైశాఖ పౌర్ణమి మే నెల 5వ తేది, శుక్రవారము. మఱునాడు అందఱికిని సెలవు. అల్లుడు, అచటి ప్రభుత్వమువా రేటేట ప్రకటించు పట్టికను చూపి, పున్నమి దాటిన రెండవ మూడవ రాత్రులు మేలని చెప్పబోయెను. నేను వినలేదు. పౌర్ణమికి పోటు పరాకాష్ఠ నందుకొనునపుడు చేపలు తగ్గు పోటునకు వచ్చుటేమని, ఆ పట్టిక వేసినవారికి తిథిజ్ఞానము లేదని యంటిని. మామగారితో వాదమెందుకని అతడు కారు తీసెను.

శాన్ పెడ్రో యను ఓడరేవునకు ప్రక్కగా కబ్రియో తీరమను ఇసుకతిన్నె కలదు. రాత్రి పదిగంటలకు అచటికి చేరితిమి. పండువెన్నెల. మే నెలయైనను ఆ సముద్రపు గాలి ఎముకలను కొఱుకును; మా రాజమండ్రి శాలువ అచట నెందుకును కొఱగాలేదు. పిల్లవానికి కంబళి కప్పి కూర్చుండబెట్టి, కెరటములవంక కన్నులప్పగించి యుంటిమి. అర్ధరాత్రి దాటినది. రెండుమూడుమాఱులు మాత్రము, వేగు చూడవచ్చినట్లు ఒక్కొక్క చేప కెరటపు కొననెక్కి వచ్చి, ఆ కెరటముతోనే జాఱిపోయెను. ఒంటిగంటకు ఇంటిముఖము పట్టితిమి. దారిలో మనుమడు నిద్రమత్తులోనుండియే, "తాతయ్యా! చేపలకు నీ పంచాంగము అందలేదేమో" అనెను. అల్లుడు నవ్వలేదు. నవ్వినను బాగుండెడిది.

తరువాతి రెండు దినములును, ఆ చేపనుగూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసినవానిని అమ్మాయిచేత చదివించుకొని వింటిని. థామ్సన్ అను నాతడు 1919లో దీని గ్రుడ్ల సంగతిని మొదట ప్రకటించెను. ఫ్రాన్సెస్ క్లార్క్ అను విదుషి 1925లో దీని జీవితక్రమమంతయు వ్రాసెను. వానిని వినిన పిమ్మట నా పొరపాటు నాకు తెలిసినది. తెలిసినపుడు సిగ్గుకంటె సంతోషమే హెచ్చుగా కలిగినదని చెప్పుట అతిశయోక్తి గాదు.

సంగతి యేమనగా: సముద్రము దినమునకు రెండుమాఱులు పొంగును. ఆ తీరమున రెండు పోటులును సమానములు గావు. వసంతగ్రీష్మములందు పెద్దది రాత్రివేళ వచ్చును. సూర్యచంద్రు లొక్కవరుసను నిలిచి లాగుటచే పున్నమికిని అమావాస్యకును పోటులు పెరుగును. అయితే తిథి మాఱిన క్షణముననే సముద్రము మాఱదు. అంత నీరు కదలి శిఖరము నందుకొనుటకు ఒకటి రెండు దినములు వెనుకబడవచ్చును. పోటు పెరుగుచున్న రాత్రులందు ప్రతి కెరటమును ముందటి కెరటముకంటె పైకెక్కి ఒడ్డు నిసుకను కోసివేయును. తగ్గుచున్న రాత్రులందు ఆ కోసిన యిసుకనే మరల తెచ్చి మేటవేయును. ఇప్పుడు ఆలోచింపుడు. పోటు పెరుగుచుండగా తల్లి గ్రుడ్లు పెట్టెనా, మఱునాటి కెరటము ఇంకను పైకెక్కి వానిని త్రవ్వి సముద్రము పాలు చేయును. శిఖరము దాటిన పిమ్మట పెట్టెనా, మఱునాటి పోటు ఆ చోటికి చేరదు. క్రిందనే యాగి, పైకి ఇసుకను త్రోసి, గ్రుడ్లను మఱింత లోతున కప్పును. ఆ మఱునాడు ఇంకను క్రిందనే యాగును. ఇక పది పండ్రెండు దినములు ఆ చోటికి సముద్రము రాదు. గ్రుడ్డు పక్వమగుటకు కావలసినది పది దినములు. అటుపై వచ్చు అమావాస్య పోటు ఆ చోటికి చేరి యిసుకను త్రవ్వి వానిని వెలికితీయును.

ఒక్క రాత్రిలోను ఇదియే లెక్క. పోటు ఎక్కుచుండగా రాదు. ఆనాటి శిఖరము దాటి నీరు వెనుకకు మఱలిన పిమ్మట, గంట మొదలు మూడు గంటలలోపల వచ్చును. పక్షములో శిఖరము దాటవలెను, రాత్రిలో శిఖరము దాటవలెను. నేను పోటు హెచ్చు దినమును వెదకితిని. చేప పోటు తగ్గ నారంభించు దినమును వెదకుచున్నది. పంచాంగము తప్పలేదు, పట్టికయు తప్పలేదు. నడుమనున్న పండితుడే తప్పెను.

ఆదివారము రాత్రి మరల బయలుదేరితిమి. సోమవారము తెల్లవాఱగనే పనికి పోవలసినవాడయ్యును అల్లుడు కాదనలేదు. ఆనాడు మన పంచాంగము ప్రకారము విదియ. కాని అచటి రాత్రి పదకొండు గంటలు మనకు మఱునాటి పగలు పదకొండున్నర గనుక లెక్కకు తదియయే ప్రవేశించియున్నది. ఈ పండ్రెండున్నర గంటల భేదమునుగూడ శుక్రవారమునాడు నేను మఱచితిని. ఇంక దానిని త్రవ్వుకొనుట యెందుకు? చంద్రుడప్పుడే నీటిపైకి వచ్చుచుండెను. పోటు దిగజాఱ నారంభించి అరగంట గడచియుండును. ముందు ఒకటి, పిమ్మట నాలుగు, పిమ్మట ఇరువది. తరువాత నేను లెక్కించుట మానితిని. కెరటము వచ్చి వెనుకకు మఱలునప్పటికి ఒడ్డంతయు వెండిరేకులు చల్లినట్లు తళతళ మెఱయుచుండెను. టార్చిలైట్లు వెలిగింపవలదని అచటివారు ముందే చెప్పియుండిరి. వెన్నెలయే చాలెను.

నా కాళ్ళకు నాలుగడుగుల దూరమున జరిగినది చెప్పెదను. ఒక ఆడుచేప కెరటము చేరగల కడపటి హద్దువఱకు ఎక్కి, నీరు వెనుకకు పోగానే వెల్లకిల బడక, తల పైకెత్తి తోకపై నిలువబడినది. నిలిచి, తోకను కుడియెడమలకు త్రిప్పుచు, మరచీలవలె తడియిసుకలోనికి దిగనారంభించినది. చూచుచుండగనే నడుము మునిగినది. తలయు మొప్పలప్రక్క ఱెక్కలును మాత్రమే పైకి కనబడుచున్నవి. మూడు మగచేపలు వచ్చి ఆమెమేనిని చుట్టి విల్లువలె వంగినవి. ఒక్కొక్కప్పుడు ఎనిమిదివఱకు చేరునట. ఆమె రెండుమూడంగుళముల లోతున ఇసుకలో గ్రుడ్లు విడుచును; మగచేపలు విడిచిన బీజద్రవము ఆమె మేనివెంట క్రిందికి జాఱి గ్రుడ్లను చేరును. ఇందు సిగ్గుపడవలసినది లేదు, సృష్టిక్రమము. ఇదియంతయు అరనిమిషములో ముగిసినది. మగచేపలు వెంటనే నీటివైపు దొర్లిపోయినవి. ఆడుచేప మెలికలు తిరిగి ఇసుకనుండి యూడివచ్చి, తరువాతి కెరటము రాగానే దానిపైనెక్కి వెడలిపోయినది. మగచేపలు తోడు లేకున్న ఆడుది ఇసుకను దిగదట. వచ్చిన దారినే మఱలిపోవునట.

నాకు అభిమన్యుడు జ్ఞప్తికి వచ్చెను. అతడు వ్యూహమును చొచ్చుట నెఱుగును, వెలువడుట నెఱుగడు. ఈ యాఱంగుళముల ప్రాణి రెండును నేర్చినది. ఏ కెరటముతో రావలెనో, ఏ కెరటముతో పోవలెనో దానికి తెలియును.

ఒక్కొక్క తల్లి ఒక్కొక్క తడవకు, చిన్నదైనచో 1,600, పెద్దదైనచో 3,600 గ్రుడ్లవఱకు పెట్టును. ఆవగింజంత గ్రుడ్లు, నారింజవన్నె. మరల పదునైదు దినములకు పోటు సిద్ధమగునప్పటికి తల్లి కడుపున వేఱొక కాన్పు సిద్ధముగా నుండును. మార్చి మొదలు ఆగస్టువఱకు ఇట్లు ఆఱుమాఱులవఱకు జరుగవచ్చును. ఏడాది వయసునకే ఈ పని మొదలగును. మొత్తము ఆయువు రెండు మూడేండ్లు, నాలుగేండ్లు బ్రదుకునవి అరుదు. గ్రుడ్లు పెట్టు మాసములలో ఆ చేప పెరుగుట మానివేయును. తిన్నదంతయు సంతతికే పోవునన్నమాట. పెరుగుదల యాగిన గుర్తు పొలుసులపైన నిలుచును. ఆ గుర్తులను లెక్కించి శాస్త్రజ్ఞులు దాని వయసు చెప్పుదురు. మన యిండ్లలోని తల్లుల దేహములపైగూడ ఇట్టి గుర్తు లుండును, లెక్కించువారు తక్కువ.

ఇక నా తప్పు. ఒక చేప కెరటము నందుకొనలేక నా పాదముకడ చిక్కినది. మనుమనికి దగ్గఱగా చూపవలెనని వంగి దానిని రెండుచేతుల పట్టి పైకెత్తితిని. చల్లగా, నునుపుగా, గుండె కొట్టుకొనుచున్నంత వడిగా అదరుచుండెను. అంతలో మెడలో బిళ్ళ వేసికొన్న ఒక కళాశాల విద్యార్థిని వచ్చి చాల మర్యాదగా ఏదో చెప్పెను. మనుమడు తెలిగించెను: "తాతయ్యా! ఏప్రిలు, మే, జూను నెలలలో చూడవచ్చునట గాని పట్టరాదట. దించుమనుచున్నది." నేను దించితిని. అది ఒక్క కుదుపున నీటినందుకొన్నది. ముప్పదియైదేండ్లు పిల్లలకు 'ముట్టకుడు, చూడుడు' అని చెప్పిన నోరిది. ఆమెకు చేతులు జోడించితిని. ఆమెయు తిరిగి జోడించినది.

ఆమె అంతటితో ఆగలేదు. కొంచెము దూరమున ఒక కుటుంబము బకెట్టునిండ చేపలను ఏరుచుండెను. తండ్రి మోకాలిలోతు నీటిలో నిలిచి పిల్లలకు అందించుచుండెను. ఆమె వారికడకుపోయి అదేమాట చెప్పినది. అతడు, తన చిన్నతనమున జూలై రాత్రులందు బకెట్టులకొలది ఇంటికి తీసికొనిపోయెడివారమని, నెలల భేదము తన కెవ్వరును చెప్పలేదని మాఱుచెప్పెనట. కొంతసే పతడు కదలలేదు. పిల్లలలో పెద్దది బకెట్టు ఎత్తి తానే కెరటములో కుమ్మరించినది. కొన్ని యీదిపోయినవి. కొన్ని తేలినవి.

అచటి చట్టము కథ వినదగినది. 1920 తరువాతి యేండ్లలో ఈ చేప తఱిగిపోవుచున్నట్లు స్పష్టముగా కనబడినది. 1927లో ఏప్రిలు మొదలు జూనువఱకు మూడుమాసములు వేటను నిషేధించిరి. చేపలు కోలుకొన్నవి. కోలుకొన్నవిగదా యని 1947లో జూనును విడిచి నిషేధమును రెండుమాసములకు తగ్గించిరి. డెబ్బదియైదేండ్లు అట్లు నడచినది. చేపలు మరల తఱుగుటను గమనించి 2022లో జూనును తిరిగి చేర్చిరి. తక్కిన మాసములలోగూడ మనిషికి ముప్పది చేపలకు మించి పట్టరాదని విధించిరి. వలలు కూడదు, గుంటలు త్రవ్వరాదు, ఉత్తచేతులతో మాత్రమే పట్టవలెను. పదునాఱేండ్లు నిండినవారికి లైసెన్సు కావలెను. విడిచిన ఒక్క మాసమును తిరిగి తెచ్చుకొనుటకు డెబ్బదియైదేండ్లు పట్టినదన్నమాట. తీర్మానములు చేయు పంచాయతులలో కూర్చుండు పెద్దలకు ఈ సంగతి నేను ప్రత్యేకముగా విప్పి చెప్పనక్కఱలేదు.

నాకు తోచినదొకటి చెప్పెదను. ఈ చేపకు సముద్రమునుండి రక్షణ నిచ్చునదే మనుష్యునికి దీనిని పట్టియిచ్చుచున్నది. వేఱు చేపలు ఎప్పుడెక్కడ గ్రుడ్లు పెట్టునో జాలరి వెదకవలెను. దీని రాత్రిని, దీని గంటనుగూడ అచ్చువేయవచ్చును. పట్టిక అచ్చువేసినవారు చూచుట కుపకరించునని వేసిరి. పట్టువాడును దానినే చదువును. నియమము తప్పనివానిని దారికాచి కొట్టుట దొంగకు సులభము. ఆ చేప కెరటములను లెక్కించుట నేర్చినది, కొంగలను కొంత లెక్కించినది. బకెట్టులను లెక్కించుటకు దానికి వ్యవధి చాలలేదు.

బకెట్టుకంటె పెద్ద యపాయము వేఱొకటి కలదని మంగళవారము ప్రొద్దున తెలిసినది. అది వేఱొక తీరము. మా అమ్మాయియింటికి దగ్గఱ. అచట నడకకు పోగా, ఒక ట్రాక్టరు వెనుక ఇనుపపండ్ల దువ్వెన కట్టుకొని, కాగితములను, సీసాలను, సముద్రపు నాచును ఏరుచు ఇసుకను దువ్వుచుండెను. విహారమునకు వచ్చువారికి శుభ్రముగా నుండవలెనని అచటి పురపాలకులు చేయించు పని. ఆ పండ్లు ఇసుకలోనికి దిగు లోతును, గ్రుడ్లున్న లోతును ఒక్కటియే. పెపర్డైన్ విశ్వవిద్యాలయములోని కరెన్ మార్టిన్ అను ఆచార్యురాలు ఈ నష్టమును పరీక్షించి చూపెను. 2002లో శాన్ డియేగో నగరమున మొదలైన స్వచ్ఛందసేవకుల సంఘమునకు ఆమెయే ఆధారము. తీరముతీరమున రాత్రులు కాచి, ఎన్ని చేపలు వచ్చినవో వ్రాసికొనువారు వీరే. నాకు బుద్ధి చెప్పిన యువతియు ఈ సంఘమువారివలన నేర్చినదే. వీరి లెక్కలఫలముగా, గ్రుడ్లు పెట్టు మాసములలో ట్రాక్టరు పోటుగీతకు పైననే తిరుగవలెనని పలుచోట్ల ఏర్పాటు చేసికొనిరి. పోటుగీత యనగా, కడపటి పెద్దపోటు విడిచిపోయిన నాచు వరుస. నేను చూచుచుండగా ఆ ట్రాక్టరు నాచు వరుసవఱకు వచ్చి, దానిని తాకకుండ మఱలిపోయినది. వరుసకు ఇవతల చెత్త, నాచు, ఈగలు అట్లే యున్నవి. అంతకుముందు వారమంతయు ఆ దారిని నడచుచు, పని సగముచేసి జీతము పూర్తిగా తీసికొను సోమరులని వారిని నేను మనసున తిట్టుకొనియుంటిని.

గ్రుడ్డు పగులుటను చూడవలెనని మనుమడు పట్టుపట్టెను. కబ్రియో తీరమున సముద్రజీవుల ప్రదర్శనశాల యొకటి యున్నది. ఆ నెల 19వ తేది అమావాస్య. ఆ ముందటి దినములలో అచటికి పోయితిమి. ఒక చిన్న గాజుపాత్రలో చెంచాడు తడియిసుకను, అందు పక్వమైన గ్రుడ్లను ఉంచి పిల్లలచేతి కిచ్చిరి. దీపమునకెదురుగా పట్టగా ఒక్కొక్క గ్రుడ్డులో చుట్టచుట్టుకొనిన చేపపిల్లయు, దాని రెండు నల్లని కన్నులును స్పష్టముగా కనబడెను. పిల్ల యెప్పుడో తయారైనది. ఏ లోపమును లేదు. అయినను బయటికి రాదు. దానిపై సముద్రపు నీరు పోసిరి. అప్పుడును రాలేదు. "ఇప్పుడు కెరటమువలె కదలింపు" మని చెప్పగా మనుమడు పాత్రను గుండ్రముగా త్రిప్పెను. కొన్ని నిమిషములలో ఒకటి పగిలినది. వెంటనే పది, వెంటనే అన్నియు. వెండ్రుకవంటి పిల్లలు పాత్రనిండ ఈదుచుండెను. వాడు ఊపిరి బిగబట్టి చూచుచు, చేయి కదలించుటకుగూడ భయపడెను.

అనగా ఆ పిల్లకు కావలసినది కాలము గాదు, నీరును గాదు. కెరటము యొక్క కుదుపు. అది లేక వెలువడినచో ఇసుకలోనే చచ్చును. అమావాస్య పోటు చాలక అచటికి చేరనిచో గ్రుడ్డు పున్నమివఱకు కాచుకొనును. నాలుగు వారములకు పైనగూడ కాచుకొనగలదు. మాసములు నిండిన శిశువు ద్వారముకడ నిలిచి పిలుపుకై చెవి యొగ్గినట్లు! నా మేనల్లుని కొడుకు ఎనిమిదవ మాసముననే తొందరపడి పుట్టి, నలువది దినములు గాజుపెట్టెలో నుండుటను చూచినవాడను గనుక, ఆ ఓర్పు నా కెంతయో వింతగా తోచెను.

శ్రావణమున స్వగ్రామము చేరితిని. మనకు గ్రూనియన్ లేదు. కాని ఇసుకను నమ్ముకొను ప్రాణులు లేకపోలేదు. జనవరి మొదలు మార్చివఱకు ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ళు రాత్రులందు మన కోస్తా ఒడ్డునకు వచ్చి, ఇసుకను గోతిగా త్రవ్వి గ్రుడ్లు పెట్టిపోవును. ఆ గ్రుడ్లను కుక్కలును నక్కలును త్రవ్వితినుట మన పల్లెకారులకు తెలిసినదే. అటవీశాఖవారును కొందఱు యువకులును వానిని ఏరి కంచెలలో పొదిగించి పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మన తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధమున్నది గదా! అది పెట్టినపుడు మా ప్రక్కయూరి జాలరిపెద్ద యొకడు నాతో, "పంతులుగారూ! కడుపుమీద కొట్టినారు" అని వాపోయెను. అప్పుడు నేను వానితో కలిసి ప్రభుత్వమును నిందించితిని. తిరిగివచ్చిన పిమ్మట వానికి 1927వ సంవత్సరపు కథయు, 1947వ సంవత్సరపు కథయు చెప్పితిని. వాడు సాంతము విని, "చేపలు ఆగును, పంతులుగారూ! పిల్లలు ఆగవు. ఆ రెండు నెలల తిండి సకాలమున ఇప్పింపుమనుడు, తక్కినది మేమే కాచుకొందుము" అనెను. దానికి నాకడ మాఱుమాట లేదు. ఆ భృతి ఏటేట సకాలమున అందవలెనని నేనే వాని పక్షమున అర్జీ వ్రాసియిచ్చితిని, ఇకముందును వ్రాయుదును.

మనుమడు ఇప్పుడొక పుస్తకము పెట్టినాడు. ఆ స్వచ్ఛందసేవకులు, చేపలు ఎంత విరివిగా వచ్చినవో సున్న మొదలు అయిదువఱకు అంకెవేసి చెప్పుదురు. పూర్వము ఈ చేపను పరిశోధించిన వాకర్ అను నాతని పేర ఆ కొలత వెలసినది. మావాడు ఒక వరుసలో తేదిని, ఒక వరుసలో ఆ అంకెను వ్రాయును. నడుమ నొక వరుస నాకై విడిచినాడు. పక్షమున కొకమాఱు ఫోనుచేసి, "తాతయ్యా! నిన్న రాత్రి మా పదకొండు గంటలకు ఏ తిథి?" అని యడుగును. నేను పండ్రెండున్నర గంటలు కలిపి, పంచాంగము రెండుమాఱులు చూచి చెప్పుదును. మొదటి పుటలో మొదటి పంక్తి మేము కంబళితో కాచుకొన్న శుక్రవారము: పాడ్యమి, సున్న. రెండవ పంక్తి ఆదివారము: తదియ, మూడు.